పేరు చెప్పని లెన్స్

ఆసియా నాతో అన్న మొదటి మాట, "పరదా వదలన్నా."

నేను పరదా ఎత్తలేదు. దాని అంచు పట్టుకుని అవతల ఎవరైనా ఉన్నారా అని పిలవబోతున్నాను, అంతే. ఉరవకొండలో మా వాళ్ల నిఖాల్లో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మధ్యలో పరదా కడతారు. ఆ పరదా కూడా మాదే. మా నాయన షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. మా సొంత గుడ్డ పట్టుకున్నందుకు మాట పడటం నాకు అదే మొదలు.

మగవాళ్ల వైపు ఫొటోలు తీసేది నేను. ఆడవాళ్ల వైపు మగ ఫొటోగ్రాఫర్ అడుగు పెట్టకూడదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరో ఒక పిన్ని కూతురు సెల్‌ఫోన్‌తో లాగించేది. ఆ రోజు పెళ్లివాళ్లు మాత్రం ధర్మవరం నుంచి ఒక అమ్మాయిని పిలిపించారు.

"నేను షావలి. ఆల్బమ్ చేసేది నేనే" అన్నాను పరదాతో. "పెళ్లయినాక నీ మెమరీ కార్డు నాకియ్యాల."

"కాపీ ఇస్తా. కార్డు ఇయ్యను."

"యాల? నేనేమన్నా తినేస్తానా?"

పరదా పక్కనుంచి ఆమె బయటికి వచ్చింది. తలమీద ఆకుపచ్చ దుపట్టా, మెడలో కెమెరా. కళ్లు మాత్రం నన్ను కొలతలు తీసి పక్కన పెట్టేసినట్టు చూశాయి. నేను ఆమె మొహం తర్వాత చూశాను. ముందు చూసింది లెన్స్‌నే. మా వృత్తిలో అది పాడు అలవాటు.

నల్లటి ఇనుప లెన్స్. పక్కన ఉండాల్సిన ఆటోఫోకస్ మీట లేదు.

"ఆటోఫోకస్ చెడిపోయిందా?"

"చెడిపోలే. దీనికి ఎప్పుడూ లేదు."

"చిప్పు?"

"అదీ లేదు."

"మరి లెన్స్ తగిలించినట్టు కెమెరాకు ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు. లెన్స్ లేదనే అనుకుంటాది. అనుకోనీ. నాకు తెలుసు గదా."

అని లోపలికి వెళ్లిపోయింది. నేను పరదా ముందు కాసేపు అలాగే నిలబడ్డాను. మా నాయన దూరంగా కుర్చీలు సర్దిస్తూ, "ఏమప్పా, ఆ గుడ్డతో ఏం మాట్లాడతాండావు?" అని అరిచాడు.

చిప్పు సంగతి తెలియని వాళ్లకు ఒక్క మాట. ఇప్పటి లెన్సుల్లో చాలా వాటికి లోపల చిప్పు ఉంటుంది. వెనకున్న బంగారు రంగు చుక్కల ద్వారా అది కెమెరాతో మాట్లాడుతుంది. నా పేరు ఇది, నేను ఇన్ని ఎంఎం, ఇప్పుడు ఇంత తెరుచుకున్నాను అని చెబుతుంది. కెమెరా దాన్ని బట్టి తన పని తాను చేసుకుంటుంది. చిప్పు లేని లెన్స్ ఏమీ చెప్పదు. ఫోకస్ చేత్తో తిప్పాలి, కొలత చేత్తో పెట్టాలి, అన్నీ మనమే గుర్తుపెట్టుకోవాలి. ఇంత సౌకర్యం బజార్లో దొరుకుతుంటే కావాలని కష్టపడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

కాపీ వచ్చాక ఆ మంట ఇంకొంచెం పెరిగింది. కంప్యూటర్లో నా ఫొటోలన్నీ లెన్స్ పేరు ప్రకారం బుద్ధిగా సర్దుకున్నాయి. ఆమె ఫొటోల దగ్గర మాత్రం లెన్స్ పేరు ఉండాల్సిన చోట గీతలు, తెరుచుకున్న కొలత ఉండాల్సిన చోట సున్నా. అన్నీ ఒక కుప్పగా అడుగున పడ్డాయి. ఫోన్ చేశాను.

"ఏమ్మా, ఏ లెన్స్‌తో తీసినావో తెలుస్తా లేదు."

"బొమ్మ తెలుస్తాందా?"

"బొమ్మ తెలుస్తాంది."

"చాలు గదన్నా."

"ఒకదాంట్లో తప్పు పోయినావు. పెళ్లికూతురి మొహం మసకగా ఉండాది. పక్కన అవ్వ చెయ్యి మీద పడినాది ఫోకస్."

"పడలే. పెట్టినా."

"పెళ్లికూతురి కంటే చెయ్యి ఎక్కువా?"

"ఆ చెయ్యి పిల్లకు పూలు పెట్టి, వెనక్కి రాలేక ఆడే ఉండిపోయినాది. నీ కెమెరా అయితే మొహం కనపడంగానే దాన్ని పట్టుకుంటాది. నేను చెయ్యిని పట్టుకున్నా. నచ్చకపోతే తీసెయ్యి."

"తీసేస్తా."

"తీసెయ్యి మరి."

తీసేశాను. రెండు రోజులకు పెళ్లికూతురి నాయన వచ్చి, అన్నీ తిరగేసి, తీసేసిన వాటిలోంచి దాన్నే వెతికి పట్టుకున్నాడు. గోడకు పెట్టేంత పెద్దది కావాలన్నాడు. అవ్వ ఆయన తల్లి. ఆ సంగతి నేను ఆసియాకు చెప్పలేదు. ఎలా తెలిసిందో ఏమో, సాయంత్రానికి ఆమె దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ఏమీ రాయలేదు, చెయ్యి బొమ్మ ఒకటి పెట్టింది.

ఆ ఆల్బమ్ చూసిన వాళ్లు మా ఇద్దరినీ కలిపి పిలవడం మొదలుపెట్టారు. కదిరి, గుంతకల్లు, మడకశిర. పరదాకు ఇవతల నేను, అవతల ఆమె. పని మధ్యలో మాటలు కూడా పరదా మీదుగానే.

"నీ వైపు లైటు ఎట్లుండాది?"

"నీ నోరు మూస్తే బాగుంటాది."

ఒకసారి నల్లమాడలో నిఖా. ఆ ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయ చేలన్నీ చేతికి రాకముందే మాడిపోయాయి. పెళ్లి భోజనాల్లో కూడా జనం మబ్బు గురించే మాట్లాడుకుంటున్నారు. బిర్యానీ వడ్డన సగంలో ఉండగా ఉన్నట్టుండి టపటపమంటూ పెద్ద చినుకులు పడ్డాయి.

ఇంకో ఊళ్లో అయితే అందరూ షామియానా కిందికి పరిగెత్తేవాళ్లు. ఇక్కడ షామియానా కింద ఉన్నవాళ్లంతా బయటికి వెళ్లారు. పెద్దమనుషులు ఎంగిలి చేతులు చాపి వానలో నిలబడ్డారు. కొత్త పెళ్లికొడుకు తలకు కట్టిన పూల సెహరా తీసి ఎవరికో ఇచ్చి తనూ వచ్చాడు. అవతల ఆడవాళ్లు కూడా పెరట్లోకి వచ్చారని నవ్వులను బట్టి తెలిసింది.

నేను రెండు ఫొటోలు తీశానో లేదో నా కెమెరా తెరమీద లెన్స్ కనెక్షన్ సరిచూసుకోమని అక్షరాలు వచ్చాయి. తుడిచాను, ఊదాను, విప్పి మళ్లీ బిగించాను. అది మొండికేసింది.

వాన తగ్గాక ఆసియా బయటికి వచ్చింది. దుపట్టా కొసతో కెమెరా తుడుచుకుంటూ, "ఏమైంది?" అంది.

"లెన్స్‌కీ కెమెరాకీ మాటలు పోయినాయంట."

"మాట్లాడుకునేవాళ్లకే అలకలు. నాది ఎప్పుడూ మాట్లాడదు, అలగదు."

"నీ మాదిరి కాదు మరి అది."

"నేను అలిగేది నువ్వు యాడ చూసినావు? నేను తిడతా."

ఆమె నవ్వింది. నేను చెయ్యి చాపాను. "ఒకసారి ఇయ్యి, చూస్తా."

ఇచ్చే ముందు లెన్స్ మార్చింది. మారుస్తూ "ముప్పై అయిదు" అని పైకే అంది. నేను విచిత్రంగా చూశాను.

"చెయ్యి వణికినా బొమ్మ అదరకుండా కెమెరా లోపల సర్దుకుంటాది గదా. దానికి లెన్స్ ఎన్ని ఎంఎం అని తెలియాల. నీకు చిప్పు చెప్తాది. నాకు ఎవరు చెప్తారు? మార్చినప్పుడల్లా నోటితో చెప్పుకొని నంబర్ మార్చుకుంటా. పూజ చేసేవాళ్లకు మంత్రం, నాకు ఇది."

కెమెరా కంటికి ఆనించి ఆమె వైపు తిప్పాను. మసక. ఇటు తిప్పాను, ఇంకా మసక. అటు తిప్పాను, ఆకుపచ్చ రంగు ఒకటి దగ్గరికి వచ్చింది. నా లెన్స్ అయితే కళ్లను చటుక్కున పట్టేసి ఊరుకునేది. ఇక్కడ వెతుక్కోవాలి. వెతుక్కుంటూ చాలాసేపు చూశాను. ఒక అమ్మాయిని అంతసేపు చూడటానికి అంతకంటే మర్యాదైన సాకు నాకు అప్పటిదాకా దొరకలేదు.

"ఏమప్పా, ఇంకా దొరకలేదా?"

"ఉండు. ముక్కు దొరికింది, కళ్లు రావాల."

"నీ చేతికిస్తే బొమ్మ పడేలోపు మొహర్రం వస్తాది."

కళ్లు వచ్చాయి. వాన నీళ్లు రెప్పలమీద ఇంకా ఉన్నాయి. నొక్కాను. తిరిగి బస్సులో వస్తూ ఉరవకొండ గాలిమరలు కనబడే దగ్గర గుర్తొచ్చింది. ఆమె నన్ను "అన్నా" అనడం మానేసింది. ఎప్పుడు మానేసిందో గమనించలేదు గానీ ఆ రోజు మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మా చెల్లెలు సిమ్రాన్ నిఖా కుదిరింది. మడకశిర సంబంధం. ఆడవాళ్ల వైపు ఫొటోలకు ఆసియా తప్ప ఇంకెవరొద్దని సిమ్రానే పట్టుబట్టింది. మా అమ్మ గౌస్‌బీకి ఆ పిల్ల ముందే నచ్చింది. అన్నం పెడితే ఇంకొంచెం వెయ్యమని అడిగే పిల్ల మా అమ్మకు వెంటనే నచ్చుతుంది.

పొద్దున మెహందీ చేతులు తీయడానికి ఆసియా పెద్ద లెన్స్ వేసింది, నూట ముప్పై అయిదు ఎంఎం. నిఖా సమయానికి గది మొత్తం పట్టే ముప్పై అయిదుకు మారాలి. నేను అప్పుడే పరదా దగ్గరికి వెళ్లాను. నిఖా చదివే కాజీ సాబ్ వచ్చేశాడని చెప్పడానికే వెళ్లాను, నిజం. కానీ అవతల ఆమె నిలబడిన చప్పుడు వినబడేసరికి నోటికి వేరే మాట వచ్చింది.

"ఆసియా, మనం పెళ్లి చేసుకుందామా?"

అవతల లెన్స్ విప్పిన శబ్దం. తర్వాత ఇంకేమీ లేదు.

"వింటాండావా?"

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే వచ్చినాది."

"పో. మీ చెల్లెలు ఆడ కుబూల్ చెప్పబోతాంది."

"నువ్వేం చెప్తావు?"

ఇంకో లెన్స్ టక్కున బిగుసుకున్న శబ్దం. అప్పుడు చాలా చిన్నగా వినిపించింది. "మీ అమ్మానాయన్ని పంపించు."

నిఖా అయిపోయేంత వరకు నేను మగవాళ్ల వైపు ఏం తీశానో నాకే తెలియదు. నా కెమెరాకు చిప్పు ఉంది కాబట్టి అదే చూసుకుంది.

మరునాడు ఆసియా మా స్టూడియోకు వచ్చి కార్డు పెట్టింది. కెమెరా చిన్న తెరమీద బాగానే కనబడినవి పెద్ద తెరమీద తెరుచుకున్నాయి. మెహందీ చేతులు గీత గీత కనబడుతున్నాయి. ఆ తర్వాతివి ఒక్కటీ నిలబడలేదు. సిమ్రాన్ తనకు సమ్మతమని కుబూల్ చెప్పే క్షణం, అమ్మ దాని తలమీద చెయ్యి పెట్టడం, అన్నీ అదిరిపోయి రెండేసి మొహాలతో ఉన్నాయి. కెమెరా తనకు తగిలించింది నూట ముప్పై అయిదే అనుకుని, చిన్న వణుకును కూడా పెద్దదిగా సర్ది మొత్తం చెడగొట్టింది. అటువైపు ఇంకో కెమెరా లేదు. ఫోన్లు తీయకూడదని అమ్మే ముందు రోజు అందరికీ చెప్పింది, ఆసియా పనికి అడ్డం రాకూడదని.

ఆసియా కుర్చీలో కూర్చుండిపోయింది. "ముప్పై అయిదు అని చెప్పుకోలే నేను."

నేను మౌస్ వదిలేశాను. "నేను వచ్చి అడిగినందుకే గదా. నాయనకు నేను చెప్తా."

"చెప్పొద్దు."

"నా వల్ల—"

"నా కెమెరా, నా పని, నా తప్పు. నువ్వు అడిగిన మాటను ఆ తప్పులో కలిపినావంటే నేను నిన్ను చేసుకోను. ఆ మాట నాకు వేరేగా ఉండాల."

లేచి మొహం కడుక్కుని నేరుగా మా ఇంటికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. అమ్మ ముందు, నాయన ముందు నిలబడి ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పింది, నా మాట ఒక్కటి తప్ప. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కెమెరాకే తెలియని లెన్స్ పెట్టుకొని నా బిడ్డ పెళ్లికి వచ్చినావా?" అన్నాడు.

"వచ్చినా. తప్పయింది. మాఫీ చెయ్యండి."

"నా దగ్గర ఒక కుర్చీ విరిగితే ఇంకో కుర్చీ వేస్తా. దీనికి ఏం వేస్తావు నువ్వు?"

ఆమె సలాం చెప్పి వెళ్లిపోయింది. బస్టాండు దాకా వెంట వెళ్లాను. దారిలో నన్ను మాట్లాడనివ్వలేదు.

కొన్నాళ్లు ఆగి పెళ్లి సంగతి ఇంట్లో చెప్పాను. కొట్లాట అవుతుందని సిద్ధపడ్డాను. నేను అనుకోనంతగా నాయన మెత్తబడ్డాడు.

"పిల్ల మంచిదే. తప్పు చేసి మొహం చాటెయ్యలే. చేసుకో. కానీ ఆ ఇనుప డబ్బాలు మాత్రం మన గడప తొక్కకూడదు. చిప్పు ఉండేది నేనే కొనిస్తా. ఇంకొకరి బిడ్డకు ఇట్ల కాకూడదు."

నాకు అది న్యాయంగానే తోచింది. అనంతపురం షాపులో విచారించాను కూడా. ఆమె వాడే లెన్సే చిప్పుతో కూడా వస్తుంది. అదే గాజు, అదే ఇనుము, ఫోకస్ చేత్తోనే తిప్పుకోవచ్చు. కాకపోతే ఎన్ని ఎంఎం అన్నది అదే కెమెరాకు చెప్పుకుంటుంది. ఇంతకంటే మంచి రాజీ ఉంటుందా? స్వీట్ డబ్బా కొనుక్కుని ధర్మవరం వెళ్లాను. ఆమె నాయన హబీబుల్లా కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. ఆ కొట్టు ముందే నిలబడి చెప్పాను.

ఆసియా అంతా విని, "వద్దు" అంది.

"యాల? ఫోకస్ నువ్వే తిప్పుకోవచ్చు. నంబర్ ఒక్కటి అది చెప్తాది. ఆ రోజు చిప్పు ఉండింటే ఇంత జరిగేదా?"

"జరిగేది కాదు."

"ఒప్పుకుంటాండావు గదా?"

"ఒప్పుకుంటాండా. చిప్పు మంచిదే. నువ్వు వాడుకో. నాకు చేత్తో చేసేది ఇష్టం. లెన్స్ మార్చంగానే నాకు నేను చెప్పుకొని, ఇప్పుడు ఏం చూడాల్నో అనుకొని తీసేది ఇష్టం. ఆ ఇష్టంతోనే పని నేర్చుకున్నా. ఒక్కసారి తప్పు పోయినా, ఇంక ఆ నంబర్ నేను చచ్చినా మర్చిపోను."

"మా నాయన అడిగేది ఆ ఒక్కటే, ఆసియా."

"ఇయ్యాల లెన్స్ మార్చమంటాడు, మారుస్తా. రేపు మడకశిర దూరం, పోవద్దంటాడు. ఎల్లుండి కడుపుతో ఉండావు, స్టూడియో చాలించమంటాడు. అప్పుడు నేను వద్దంటే, లెన్స్ మార్చినావు గదా ఇదేం పెద్దది అంటారు. నా చేతిలో ఉండేదాన్ని నేనే ఎంచుకుంటా షావలీ. అది కుదరదంటే చెప్పు, ఈడికే చాలిద్దాం."

నాకు కోపం వచ్చింది. "లెన్స్ కోసం నన్ను వద్దంటావా?"

"నువ్వు చిప్పు కోసం నన్ను వద్దంటా లేవా?"

స్వీట్ డబ్బా హబీబుల్లా మామకు ఇచ్చి వచ్చేశాను. బస్సులో ఊరు వచ్చేదాకా ఆమెను మనసులో తిట్టుకున్నాను. మొండిది, పొగరుబోతు, ఎవరి మాటా వినదు. తిట్టుకుంటూ ఉంటేనే తెలిసింది, ఆ లెక్కలో ఒక్కటి తగ్గినా ఆమె నాకు వద్దు.

ఇంటికి రాగానే, "నాయనా, ఆమె చిప్పు వద్దంది. మాట్లాడాలంటే అందరం పోయి మాట్లాడదాం. ఆమెను వదిలేది మాత్రం లేదు" అన్నాను. నాయనకు ఎదురు మాట్లాడటం నాకూ కొత్త, ఆయనకూ కొత్త. రమ్మనగానే వచ్చాడంటే ఆ కొత్తదనం వల్లే.

ధర్మవరంలో వాళ్ల ఇంట్లో చాపలమీద కూర్చున్నాం. నేను, అమ్మ, నాయన, పుట్టింటికి వచ్చి ఉన్న సిమ్రాన్. చాయ్ వచ్చింది. అమ్మాయిని పిలిచేదాకా అమ్మాయి రాకూడదు, అది మర్యాద. నిఖాలో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన మహర్ మాట నాయనే ఎత్తాడు.

"మహర్ కింద చిప్పు ఉండే లెన్స్ ఇస్తాం. పాతవి ఈడే పెట్టి రావాల. దీనికి ఒప్పుకుంటే తారీఖు చూసుకుందాం."

వంటింటి గుమ్మంలోంచి ఆసియా వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. చాప కొసన అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"అత్తా, మామా, మీ బిడ్డ ఫొటోలు పోగొట్టినా. దానికి నేను తెచ్చి ఇచ్చేది ఏం లేదు. ఎన్నిసార్లయినా మాఫీ అడుగుతా. కానీ మహర్ ఏం కావాల్నో చెప్పేది పెళ్లికూతురు. నన్ను అడగండి."

హబీబుల్లా మామ, "ఆసియా" అన్నాడు మెల్లగా, ఆపడానికి. ఆమె ఆగలేదు.

"నాకు యాభై ఎంఎం లెన్స్ కావాల. చిప్పు లేనిది. ఇంకేం వద్దు."

నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంత జరిగినాక కూడా అదే కావాల్నా నీకు?"

"అంత జరిగినాకే కావాల మామా. తప్పు చేసినానని భయపడి వదిలేస్తే, నాకు పని రాదని నేనే ఒప్పుకున్నట్టు."

"ఎవరి మాటా వినని పిల్లను ఇంటికి ఎట్ల తెచ్చుకోవాలప్పా?" అని నాయన నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు సిమ్రాన్ అందుకుంది.

"పోయినవి నా ఫొటోలు నాయనా. కోపం రావాల్సింది నాకు. నాకు రాలే. ఎందుకో తెలుసా? ఆమె లెన్స్ మారుస్తాంటే పరదా అవతల నుంచి ఎవరో 'మనం పెళ్లి చేసుకుందామా' అని అడిగినారు."

గది మొత్తం నా వైపు తిరిగింది.

"నేను తల వంచుకొని కూర్చోనుంటి. నాకేం పని? చెవులు ఊరికే ఉంటాయా? కాజీ సాబ్ కోసం కాచుకునేది విడిచిపెట్టి నేను అదే విన్నా" అంది సిమ్రాన్.

"నిజమేనా?" అన్నాడు నాయన.

"నిజమే."

"ఆ పిల్ల ఒక్క మాట చెప్పలే గదరా."

"చెప్పొద్దంది. అడిగిన మాటను తప్పులో కలపొద్దంది."

నాయన ఆసియా వైపు చూశాడు. ఆమె తల దించలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అంత పొగరూ ఉండి సిగ్గుపడటం అప్పుడే మొదటిసారి చూశాను.

"నాయనా, నువ్వు కొనే పని లేదు. మహర్ ఇచ్చేది నేను. ఆమె ఏది అడిగితే అదే ఇస్తా. ఆ డబ్బాలు మన గడప తొక్కకూడదంటే, మేమిద్దరం ఇంకో గడప చూసుకుంటాం" అన్నాను.

నాయన మొహం గట్టిపడింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. అప్పటిదాకా మాట్లాడని అమ్మ, ఆయన మోకాలిమీద చెయ్యి పెట్టింది.

"మన నిఖాలో నా మహర్ ఎంతో నీకు గుర్తుండాదా?"

నాయన తడబడ్డాడు. "మా నాయన, మీ నాయన మాట్లాడుకున్నారు. ఇప్పుడేంటికి?"

"నాకూ తెలీదు. నన్నెవరూ అడగలే. అడిగింటే ఏం చెప్పేదాన్నో ఇన్నేండ్లుగా అనుకుంటానే ఉండా. ఈ పిల్ల అడగకముందే చెప్పింది. ఇచ్చెయ్యండి."

నాయన అమ్మనే చూస్తూ ఉన్నాడు. చాయ్ చల్లారిపోయింది. హబీబుల్లా మామ ఇంకో గ్లాసు తెస్తానని లేచాడు, నాయన వద్దన్నాడు, ఉన్నదే తాగాడు.

"తారీఖు చూడండి" అన్నాడు గ్లాసు పెట్టి. ఇంకేమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో కూడా అనలేదు. ఆయన ఒప్పుకున్నాడో, ఓర్చుకున్నాడో నాకు అర్థం కాలేదు.

మా నిఖా ధర్మవరంలోనే జరిగింది. అవతల ఆడవాళ్ల వైపు సిమ్రాన్ ఆసియా కెమెరాతో తిరుగుతోంది. ఇవతల నేను సెహరా కట్టుకుని, లెన్స్ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కెమెరా చేతిలో లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాయన ముందు వరసలో పెద్దమనుషుల మధ్య బిగదీసుకుని కూర్చున్నాడు.

పెళ్లికూతురి తరఫున మాట్లాడే వకీలు, సాక్షులు పరదా దగ్గర నిలబడ్డారు. కాజీ సాబ్ కళ్లద్దాలు సర్దుకుని అందరికీ వినబడేలా చదివాడు. ఫలానా హబీబుల్లా గారి అమ్మాయి ఆసియాకు, మహర్ కింద యాభై ఎంఎం కెమెరా లెన్స్ ఒకటి ఇచ్చి, షావలి అనే అబ్బాయి నిఖా చేసుకుంటున్నాడు, నీకు సమ్మతమేనా అని అడిగాడు.

పరదా అవతల చప్పుడు లేదు.

కాజీ సాబ్ మళ్లీ అడిగాడు. పెద్దమనుషులు మొహాలు చూసుకున్నారు.

అప్పుడు స్పష్టంగా, పొందికగా, ఏమాత్రం వణుకు లేని గొంతు వినబడింది. "కాజీ సాబ్, చిప్పు లేనిది అని కూడా చదవండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో వాళ్లను గద్దించారు. కాజీ సాబ్ కాగితం చూసి, నన్ను చూసి, "చిప్పు అంటే ఏంది?" అన్నాడు. నిఖాలో పెళ్లికూతురు రాత దిద్దించడం ఆయన ఎరగడు. ఏం చేయాలో తోచక ఆగిపోయాడు.

ముందు వరసలోంచి మా నాయన లేచి నిలబడ్డాడు.

"రాయండి సాబ్" అన్నాడు. "చిప్పు లేనిది. నా కోడలు అడిగింది అదే."

కాజీ సాబ్ పెన్ను తీసి ఆ మాట కలిపి, మొదటినుంచి మళ్లీ చదివాడు. చదవడం పూర్తయీ కాకముందే అవతలనుంచి "కుబూల్" అని వచ్చింది.